రాసుకునే బల్ల మీద కిచెన్ టైమర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

బేగంబజార్ గిన్నెల కొట్లలో దొరికే మామూలు కిచెన్ టైమర్ ఇది. బ్యాటరీ అక్కర్లేదు, చేత్తో తిప్పితే స్ప్రింగు మీద నడుస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ తెలుగులో ఫాంటసీ నవలలు రాయడానికి దీన్ని వాడుతున్నాను. ఒక నవల పూర్తయింది, రెండోది సగంలో ఉంది. నవల రాసేవాళ్లకు ఇది చాలా పనికొస్తుంది. అయితే అన్ని దశల్లోనూ కాదు.

పొమొడోరో అనే ఈ పద్ధతి చాలామందికి తెలిసిందే. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో, కాలేజీలో చదువుకుంటూ, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు విడతలయ్యాక ఇంకాస్త పెద్ద విరామం. అంతే.

నవల విషయంలో దీని అసలు బలం గంట మోగినప్పుడే తెలుస్తుంది. మోగగానే పెన్ను పక్కన పెట్టేస్తాను, వాక్యం మధ్యలో ఉన్నా సరే. నా కథలో గోల్కొండను చూసి పుట్టిన కోట ఒకటి ఉంది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది కదా. నా కోటలో రాళ్లు ఆ చప్పుడును దాచుకుంటాయి. మొన్నొక పొద్దున నోట్‌బుక్‌లో ఆఖరి వరుస ఇది: "కావలివాడు రాతికి చెవి ఆనించాడు. చనిపోయిన రాజుగారి గొంతు". అక్కడ గంట మోగింది. ఆ గొంతు ఏమంటుందో ఆ రోజంతా, మెట్రోలోనూ ఆఫీసులోనూ, బుర్రలో తిరుగుతూనే ఉంది. మర్నాడు కూర్చోగానే పెన్ను దానంతటదే కదిలింది. ఖాళీ పేజీ చూసి టెన్షన్ పడే పనే లేకపోయింది.

తర్వాత ఏం జరగబోతుందో తెలుస్తున్నప్పుడే ఆపమని అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పేవాడు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. నెల నెలా ఎక్కడ ఆపితే మనం వచ్చే సంచిక కోసం పడిగాపులు పడతామో సరిగ్గా అక్కడే ఆగేవి. ఆ ఆత్రం రాసేవాడికి కూడా ఉండాలి. నవల మధ్య భాగంలో, మొదటి ఊపు తగ్గి ముగింపు ఇంకా కనుచూపు మేరలో లేనప్పుడు, నన్ను నడిపించింది అదే.

ఉద్యోగస్తులకు ఇంకో మాట. ఇంగ్లండులో ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో పనిచేస్తూనే పదుల కొద్దీ నవలలు రాశాడు. తెల్లవారుజామున ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. రైలు ప్రయాణాల్లో ఒళ్లో పెట్టుకుని పెన్సిల్‌తో రాసేవాడు. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో సీటు దొరికిన రోజున నేనూ ఒక విడత పూర్తి చేస్తాను. అక్కడ మాత్రం ఫోన్ వైబ్రేషనే వాడాలి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూడా అంతే, టైమర్ టిక్కుటిక్కు పక్కవాళ్లను ఇబ్బంది పెడుతుంది.

ట్రోలప్ మాటల లెక్కను మాత్రం నేను పట్టించుకోను. ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కునే తెలుగులో ఆ అంకెలు సరిపోవు. గంట మోగిన ప్రతిసారీ నోట్‌బుక్ అట్ట లోపలి వైపు ఒక గీత గీస్తాను. బాగా రాయని రోజు కూడా గీత పడుతుంది. మనసు బాగాలేనప్పుడు ఆ గీతలు చూస్తే ధైర్యం వస్తుంది.

ఫాంటసీ రాసేవాళ్లకు ఉన్న పెద్ద ఉచ్చు లోకాన్ని కట్టుకోవడం. పటాలు, రాజవంశాలు, మంత్రాల నియమాలు వేసుకుంటూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి, కథ మాత్రం మొదటి అధ్యాయం దాటదు. అందుకే ఆ పనికి రోజుకు ఒక్క విడతే ఇస్తాను. గంట మోగితే పటం మూసెయ్యాల్సిందే. రాళ్లు చప్పుడును దాచుకుంటే, దానికి బదులు ఏం తీసుకుంటాయి? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే ఆ రోజుకు చాలు.

ఇంట్లో ఇంకో లాభం కనిపించింది. టిక్కుటిక్కు వినిపిస్తున్నంతసేపూ నన్నెవరూ పిలవరు. అమ్మ గుమ్మం దగ్గరే ఆగి, "గంట కొట్టిందా నాన్నా?" అని అడిగాకే కాఫీ తెస్తుంది. మూసిన తలుపు ఏనాడూ తేలేని ప్రశాంతత ఇది.

లోపాలు లేకపోలేదు. యుద్ధ ఘట్టాల్లో 25 నిమిషాలు చాలవు, అందుకే వాటికి 50 పెడతాను. తిరగరాసే దశలో దీని పని లేదు. ఒక్క పేరా సరిదిద్దడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది, అప్పుడు గంట చికాకే. వాడగా వాడగా 25 నిమిషాల లెక్క తప్పుతుంది, అప్పుడు మార్చెయ్యడమే, ఎటూ ఖరీదు తక్కువే. కొనేటప్పుడు కొట్లోనే ఒకసారి మోగించి చూడండి, కొన్నిటి గంట మరీ కర్ణకఠోరంగా ఉంటుంది. తిప్పేటప్పుడు ముందు చివరిదాకా తిప్పి, తర్వాత 25కి వెనక్కి తెండి. లేకపోతే కొన్ని టైమర్లు మధ్యలోనే ఆగిపోతాయి, గంటే మోగదు.