పన్నెండు మంది స్టూడెంట్లు, నాలుగు టీములు: నేను వెళ్లిన లెక్కల ట్యూషన్

నల్గొండలో బీఎస్సీ ఎంపీసీఎస్ చేసి, ఐసెట్ రాసి హైదరాబాద్‌లో ఎంసీఏలో చేరాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇక్కడికి రాగానే డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ, సీ ప్రోగ్రామింగ్ మూడూ ఒకేసారి మీద పడ్డాయి. హాస్టల్‌లో ఒక సీనియర్ అక్క చెప్తే ఈ ట్యూషన్‌లో చేరాను. కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూకి దగ్గర్లోనే, టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తు. మెచ్చుకునేవాటితో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఫీజు నాలుగు వేలు, మొత్తం ముందే కట్టాలి.

ఇక్కడ సార్‌కి ఒక పట్టుదల ఉంది. పాచికలు, పేకముక్కలు బోర్డు మీదికి రానివ్వరు. లెక్క ఏదైనా స్టూడెంట్ల గురించే ఉండాలి. నాకు ఇది బాగా నచ్చింది. మా బ్యాచ్‌లో సగం మంది అమ్మాయిలకు ఇస్పేటు ఏదో, కళావరు ఏదో తెలియదు. ఇంట్లో పేక ముట్టుకుంటే ఊరుకుంటారా? కానీ మన టెక్స్ట్‌బుక్కులన్నీ 52 ముక్కలు అందరికీ పుట్టుకతోనే తెలుసన్నట్టు మొదలవుతాయి. అదే క్లాసు, రోల్ నంబరు, ప్రాజెక్ట్ టీమ్ అంటే ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

ఉదాహరణకు సార్ చాలా రోజులు పట్టుకుని వదలని లెక్క ఒకటుంది. పన్నెండు మంది స్టూడెంట్లని ముగ్గురేసి చొప్పున నాలుగు ప్రాజెక్ట్ టీములు చేయాలి. ఎన్ని రకాలుగా చేయొచ్చు? క్లాసంతా ఒకే జవాబు చెప్పింది: పన్నెండులో ముగ్గురిని 220 రకాలుగా, మిగిలిన తొమ్మిదిలో 84, ఆరులో 20, చివరి ముగ్గురు ఒకటే రకం. గుణిస్తే 3,69,600. సార్ ఒకటే అడిగారు: "టీములకి పేర్లు పెట్టామా?" పెట్టలేదు. పేర్లు లేనప్పుడు అవే నాలుగు టీములు 24 వరసల్లో 24 సార్లు లెక్కలోకి వచ్చాయి. భాగిస్తే 15,400.

ఇంత వరకు ఏ గైడ్‌లోనైనా దొరుకుతుంది. సార్ ఇక్కడితో ఆగలేదు. అదే జవాబు భాగించకుండా తెమ్మన్నారు. మిగిలినవాళ్లలో అన్నిటికన్నా చిన్న రోల్ నంబరు ఉన్నవాణ్ణి నిలబెట్టి, వాడికి ఇద్దరు జతగాళ్లని ఎంచాలి. మొదటివాడికి 11 మందిలో ఇద్దరు, అంటే 55 రకాలు. తర్వాత మిగిలినవాళ్లలో చిన్న నంబరు వాడికి 8 మందిలో ఇద్దరు, 28. తర్వాత 5 మందిలో ఇద్దరు, 10. చివర ఒకటి. 55ని 28తో, దాన్ని 10తో గుణిస్తే మళ్లీ 15,400. ఏ విభజనా రెండుసార్లు లెక్కలోకి రాదు కాబట్టి భాగహారం అవసరమే లేదు.

ఈ రెండో దారి ఎందుకు నేర్పారో శనివారం ల్యాబ్‌లో తెలిసింది. ల్యాబ్ చూసేది చిన్న సార్, పగలు ఏదో కంపెనీలో పని చేస్తారు. మొదటి దారిని ఫార్ములాగా సీలో రాయమన్నారు: 12 ఫ్యాక్టోరియల్‌ని (1 నుంచి 12 దాకా అన్నీ గుణిస్తే వచ్చేది) 3 ఫ్యాక్టోరియల్‌తో నాలుగుసార్లు, 4 ఫ్యాక్టోరియల్‌తో ఒకసారి భాగించాలి. 12 ఫ్యాక్టోరియల్ 47,90,01,600. అది సీలో పూర్ణసంఖ్యలు దాచే మామూలు రకం 'ఇంట్' (int)లో పడుతుంది, అందుకే 15,400 చక్కగా వచ్చింది. పదిహేను మంది, ఐదు టీములు అని మార్చమన్నారు. స్క్రీన్ మీద 2147 వచ్చింది. ముగ్గురు పెరిగితే రకాలు తగ్గుతాయా? ఇంట్‌లో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. 13 ఫ్యాక్టోరియలే దాన్ని దాటిపోతుంది, ఇక 15 సంగతి చెప్పక్కర్లేదు. పొంగిపోయిన సంఖ్య మా సిస్టమ్స్‌లో పాజిటివ్‌గానే మిగిలింది. ఎర్రర్ రాదు, మైనస్ గుర్తు రాదు, తప్పు జవాబు మాత్రం ధీమాగా కూర్చుంటుంది. చిన్న రోల్ నంబరు పద్ధతిలో రాస్తే 91, 55, 28, 10 గుణించి 14,01,400. ఎక్కడా పొంగదు. ఇంట్ కన్నా పెద్ద సంఖ్యలు పట్టే 'లాంగ్ లాంగ్' రకం వాడినా ఇప్పటికి గండం గడుస్తుంది, కానీ 21 ఫ్యాక్టోరియల్ దగ్గర అదీ చేతులెత్తేస్తుంది. నాకు తెలిసి మా కాలేజీలో లెక్కల మేడమూ ప్రోగ్రామింగ్ సారూ ఒకరి క్లాసు గురించి ఒకరు మాట్లాడుకోరు. ఈ ముడి అక్కడ ఎప్పటికీ పడేది కాదు.

ప్రాబబిలిటీ కూడా ఈ పన్నెండు మందితోనే. ఇద్దరు ఫ్రెండ్స్ ఒకే టీములో పడే అవకాశం ఎంత? నోటు పుస్తకం నిండా నింపేవాళ్లు నింపుతున్నారు. సార్ ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, మిగిలిన 11 సీట్లలో ఆమె టీము సీట్లు ఎన్ని అని అడిగారు. రెండు. కాబట్టి 11లో 2, అంటే దాదాపు 0.1818. తర్వాత పైథాన్‌లో లిస్ట్‌ని షఫుల్ చేసి, మూడేసి ముక్కలు కోసి, లక్షసార్లు ఆడించి చూశాం. 0.18 చుట్టూనే తిరిగింది. మొదటి బెంచీ అబ్బాయి మంచి సందేహం అడిగాడు: షఫుల్‌లో టీములకి వరస ఉంది కదా, 24తో భాగించక్కర్లేదా? పేర్లు లేని ప్రతి విభజనకీ పేర్లున్నవి సరిగ్గా 24 ఉంటాయి, భిన్నంలో పైనా కిందా కొట్టుకుపోతాయి అన్నారు సార్. ఎక్కడ భాగించాలో ఎక్కడ అక్కర్లేదో నాకు ఆ రోజే కుదురుకుంది. పది మందిని 3, 3, 4గా చేసే లెక్క హోంవర్క్ ఇచ్చారు. అక్కడ 2తో మాత్రమే భాగించాలి, జవాబు 2,100.

పుట్టినరోజుల లెక్క కూడా సరదాగా సాగింది. 23 మంది ఉంటే ఇద్దరిదైనా ఒకే రోజు అయ్యే అవకాశం సగం దాటుతుంది, 40 మందికి 89 శాతం. సార్ టెన్త్ మెమోలో ఉన్న తేదీలు చెప్పమన్నారు. వరసగా జూన్, జూన్, జూన్! బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టర్లు రాసిన పుట్టినరోజులు మరి. అన్ని రోజులూ సమానం అన్న ఊహ మన మెమోల దగ్గర నిలబడదనీ, అలా ఒకచోట గుమిగూడితే అవకాశం ఇంకా పెరుగుతుందనీ చెప్పారు.

ఇక ఫిర్యాదులు. లెక్కించడం మీద ఇంత ప్రేమ చూపే సార్‌కి స్టాటిస్టిక్స్ అంటే సవతి ప్రేమ. పాయిసన్ (Poisson), నార్మల్ డిస్ట్రిబ్యూషన్లు పరుగే పరుగు. టీ-టెస్ట్, కై-స్క్వేర్ అయితే చివరి వారంలో ఫార్ములాలు డిక్టేట్ చేసి వదిలేశారు. సెమిస్టర్ పేపర్లో మార్కులు ఎక్కువ వచ్చేది అక్కడే. సప్లీ గట్టెక్కితే చాలు అనుకునే బీటెక్ వాళ్లూ, ప్లేస్‌మెంట్ కోసం వచ్చిన మేమూ ఒకే బ్యాచ్. వాళ్లు "ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చెప్పండి సార్" అంటారు, సార్ చిరాకు పడతారు, మధ్యలో టైమ్ పోతుంది. చేరేటప్పుడు క్లాస్ రికార్డింగులు ఇస్తామన్నారు, మొదట్లో కొన్ని పెట్టి ఆపేశారు. మా రూమ్మేట్ ఇంట్లో ఇబ్బంది వచ్చి మధ్యలో మానేస్తే రూపాయి కూడా వెనక్కి రాలేదు. డబ్బు ముందే కట్టించుకునే చోట కనీసం సగం ఇవ్వాలి, నా ఉద్దేశం అది.

డిస్క్రీట్ మ్యాథ్స్, ప్లేస్‌మెంట్ పరీక్షల కోసమైతే కళ్లు మూసుకుని చేరండి. ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ సప్లీ కోసమైతే వద్దు, ఆ నాలుగు వేలు దాచుకుని ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాలు చూసుకోండి, ఉచితం. ఎటూ తేలకపోతే ఆదివారం ఉదయం డెమో క్లాస్ ఉంటుంది, దానికి డబ్బు తీసుకోరు. పావుగంట ముందే వెళ్లండి, స్తంభం వెనక కూర్చుంటే సగం బోర్డు కనిపించదు. ల్యాబ్ రోజైతే ల్యాప్‌టాప్ ఛార్జ్ చేసుకునే వెళ్లాలి, గది మొత్తానికి ప్లగ్‌లు రెండే.