మౌత్ ఆర్గాన్ కొత్తగా కొనేవాళ్ళకు హెచ్చరిక: రిటర్న్ గడువు దాటకముందే పరీక్షించుకోండి

ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు "బిగినర్ హార్మోనికా, 10 హోల్స్, 20 టోన్స్" అని కనిపించగానే ఆర్డర్ పెట్టేయకండి. అలాంటివి తెప్పించుకున్నవాళ్ళు కొన్నాళ్ళకు అనే మాట ఒకటే: "నాకు ఊపిరి చాలడం లేదు, ఇది నాకు రాదు." చాలాసార్లు తప్పు ఊపిరిది కాదు. గాలి పక్కలనుంచి కారిపోయే వాయిద్యం అనుభవం ఉన్నవాళ్ళ చేతిలో కూడా సరిగ్గా పలకదు. కొత్తవాళ్ళ దగ్గర పోల్చి చూసుకోవడానికి ఇంకోటి ఉండదు కాబట్టి ఆ సంగతి తెలియదు. తెలిసేసరికి వెనక్కి పంపే గడువు అయిపోతుంది.

ముందు రకం చూసుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. యూట్యూబ్ పాఠాల్లో ఎక్కువ భాగం 10 రంధ్రాల డయాటోనిక్ (ఒకే రంధ్రంలో ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకో స్వరం పలికే రకం) కోసం చేసినవి. మన మ్యూజిక్ షాపుల్లో చవగ్గా, విరివిగా దొరికేది 24 రంధ్రాల ట్రెమొలో. రెండు వరుసల చిన్న గళ్ళతో పొడవుగా ఉంటుంది. ఒక్కో స్వరానికి రెండు రీడ్లు (గాలికి కంపించి పలికే సన్నని లోహపు రేకులు) కాస్త తేడా శ్రుతిలో ఉంటాయి కాబట్టి ధ్వని అలలా కంపిస్తుంది. వినడానికి హాయిగా ఉంటుంది, పాటలకు బాగుంటుంది, అది చెడ్డ వాయిద్యం కాదు. కాకపోతే దాంట్లో ఒక్కో గడి ఊదడానికో పీల్చడానికో మాత్రమే పనిచేస్తుంది. "4 ఊదు, 4 పీల్చు" అని చెప్పే పాఠం దానిమీద నడవదు. పక్కన బటన్ ఉంటే అది అర్ధస్వరాలన్నీ పలికే క్రొమాటిక్, మొదటి వాయిద్యంగా అంత ఖర్చు అక్కర్లేదు. ఏడు శ్రుతుల సెట్ చవగ్గా ఇస్తున్నామంటే పడిపోకండి. మొదట్లో మీకు కావలసింది C ఒక్కటే. కవర్ మీద C అక్షరం చూడండి. పక్కన చిన్న m ఉంటే అది మైనర్, స్వరాల అమరికే వేరు.

పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. నోటితో వాడే వస్తువు అని చెప్పి చాలామంది అమ్మకందారులు తెరిచాక వెనక్కి తీసుకోరు, అందుకే నోట పెట్టకముందే చూడాల్సినవి చూసేయాలి. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ ఉండాలి. ఇవేవీ లేకుండా పేరున్న బ్రాండ్ బొమ్మ మాత్రమే ఉంటే అనుమానించండి. "మేడ్ ఇన్ చైనా" అని ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. హోనర్ వాళ్ళ బ్లూస్ బ్యాండ్ లాంటి తక్కువ ధర మోడళ్ళు అక్కడే తయారవుతాయి. తర్వాత చీకటి గదిలో వెనక టార్చి పెట్టి పక్కలు చూడండి. మధ్యలోని కోంబ్‌కూ (గాలి గళ్ళున్న దిమ్మెకూ), రీడ్లు బిగించిన ఇత్తడి ప్లేట్లకూ మధ్య సందులోంచి వెలుతురు గీతలా వస్తే అక్కడినుంచే గాలి పోతుంది. కవర్లు మేకులతో కాక స్క్రూలతో బిగించినవి, చెక్కకు బదులు ప్లాస్టిక్ కోంబ్ ఉన్నవి తీసుకోండి. చెక్క తడికి ఉబ్బి పళ్ళలా బయటికొచ్చి పెదవి గీస్తుంది.

ఇప్పుడు వాయించి చూడండి. పెదవులు ముందుకు సాచి, ఒక్కో రంధ్రాన్నీ మామూలుగా శ్వాస తీసుకున్నంత మెల్లగా ఊది, పీల్చండి. 20 రీడ్లూ ఆ మాత్రం గాలికే పలకాలి. గట్టిగా ఊదితే తప్ప పలకనిది రీడ్‌కూ ప్లేటుకూ మధ్య ఎడం ఎక్కువైనది. కాస్త గట్టిగా ఊదగానే గొంతు పట్టేసినట్టు ఆగిపోయేది ఎడం తక్కువైనది. జుర్రుమని లోహం రాసుకున్న చప్పుడు వస్తే రీడ్ పక్కకు జరిగి గాడి అంచుకు తగులుతోంది. ఒకటి రెండు రీడ్లలో ఈ లోపాలుంటే సరిచేయవచ్చు, అయిదారింటిలో ఉంటే వెనక్కి పంపేయండి. గడువు లోపల మాత్రం మీరు స్క్రూలు విప్పకండి.

అసలు లోపమే కానివి కొన్నిటిని చూసి భయపడేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. 2వ రంధ్రం పీలుపు మంచి వాయిద్యంలో కూడా కొత్తవాళ్ళకు మూలుగుతుంది. దవడ వదులుగా పెట్టి, గొంతు తెరిచి, సన్నగా పీల్చండి. 3 ఊదితే వచ్చే పంచమమే అక్కడా రావాలి. అందుకే 20 రీడ్లున్నా వేర్వేరు స్వరాలు 19 మాత్రమే. C ని షడ్జమంగా తీసుకుంటే పూర్తి శంకరాభరణం 4 నుంచి 7 వరకే దొరుకుతుంది: 4 ఊదితే స, పీలిస్తే రి, 5 ఊదితే గ, పీలిస్తే మ, 6 ఊదితే ప, పీలిస్తే ద. 7 దగ్గర వరుస తిరగబడుతుంది, ముందు పీలిస్తే ని, తర్వాత ఊదితే పై స. కింది స్థాయిలో మ, ద ఉండవు, ఈ రకంలో స్వరాలు పేర్చే పద్ధతి, అంటే రిక్టర్ అమరిక, తీరే అంత. సరళీ వరుసలు మాయామాళవగౌళలో మొదలుపెడదామనుకుంటే శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం కోసం 4, 6 పీలుపులను కిందికి వంచాలి, అంటే నోట్లో గాలి దారి మార్చి శ్రుతి దించాలి. అది నెలల సాధన. ముందు శంకరాభరణంలో పట్టండి.

శ్రుతి చూడ్డానికి ట్యూనర్ యాప్ చాలు. అన్నీ కలిసి కొన్ని సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పైకి చూపించడం మామూలే, చాలా కంపెనీలు ప్రామాణిక శ్రుతి 440 హెర్ట్జ్ కన్నా కాస్త పైకే శ్రుతి చేస్తాయి. కొన్ని మోడళ్ళలో 2, 5, 8 ఊదుడూ, 3, 7 పీలుపూ మిగతావాటికన్నా పది పన్నెండు సెంట్లు తగ్గి ఉంటాయి, మూడు రంధ్రాలు కలిపి ఊదినప్పుడు ఇంపుగా ఉండాలని కావాలనే అలా చేస్తారు. 1, 4, 7, 10 ఊదుళ్ళు మాత్రం అన్నీ షడ్జమాలే. వీటిలో ఒకటి ఇరవై సెంట్లు అటూ ఇటూ ఉంటే ఒప్పుకోకండి.

సెకండ్ హ్యాండ్ వద్దు. శుభ్రత సంగతి అలా ఉంచినా, బాగా వాడినదాంట్లో 4, 5 పీలుపు రీడ్లు అలిసిపోయి శ్రుతి దిగజారి ఉంటాయి, అది ఫోటోలో కనిపించదు.

లోపం తేలితే వీడియో, ట్యూనర్ స్క్రీన్‌షాట్ కలిపి అదే రోజు అమ్మకందారుకు రాతపూర్వకంగా పంపండి. "మీకు వాయించడం రాదు" అని తోసేస్తే, ఏ రంధ్రం, ఊదుడా పీలుపా అన్నది ప్రత్యేకంగా రాయండి. అయినా అమ్మకందారు బదులివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, ఆర్డర్ నంబరు, బిల్లు దగ్గర పెట్టుకుని.