సముద్రపు దొంగల బోర్డ్ గేమ్ కొనేటోళ్లు జర ఆగండి, విడిపించాల్సిన మనిషే డబ్బాలో లేడు

నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ దిక్కు ఇంట్ల పిల్లలున్న అన్నలు, అక్కలు ఇది ఒకసారి చదవండి. నల్ల జెండా, పుర్రె బొమ్మ, గొలుసులేసి గాడిద పక్కన నడిపిస్తున్న ఒక మనిషి, చుట్టూ తుపాకుల సిపాయిలు, చెట్ల సాటునుంచి దూకుతున్న సముద్రపు దొంగలు, గిట్ల బొమ్మ ఉన్న పెద్ద డబ్బా ఒకటి ఇప్పుడు బొమ్మల షాపులల్ల, ఎగ్జిబిషన్ స్టాళ్లల్ల కనిపిస్తుంది. రేటు 1,299. "కాన్వాయ్ మీద దాడి చెయ్యి, నీ దోస్తును విడిపించుకో" అని పెద్దగ రాసి ఉంటది. కంపెనీ పేరు, షాపు పేరు రాస్తలేను, బొమ్మ చూస్తే మీకే ఎర్కైతది.

ఆ దోస్తు డబ్బాల లేడు. జోక్ చేస్తలేను.

మా అన్న కొడుకు పుట్టినరోజుకని తెచ్చిన. సీల్ తీసినం, బోర్డు పరిచినం, గాడిదల కార్డులు, సిపాయిల బిళ్లలు, పాచికలు అన్నీ సర్దుకొని నలుగురం కూసున్నం, తీరా బందీ కార్డు ఏదిరా అంటే పిల్లగాడు డబ్బా బోర్లించి దులిపిండు, ఏం రాలలేదు. రూల్స్ బుక్ ఆఖరి పేజీల కింద, చీమ తలకాయంత అక్షరాలల్ల, బందీ కార్డు, విడిపించే కార్డులు రెండో డబ్బాల వస్తయని ఉంది. ఆ రెండో డబ్బా 699. డబ్బా పైన గానీ పక్కల గానీ ఈ ముచ్చట ఎక్కడా లేదు, నేను నాలుగు దిక్కులా తిప్పి చూసిన. పోనీ బందీ లేకుండ ఆడుదాం అంటే రూల్ ఏముంది, కాన్వాయ్ ఊర్లకు చేరేలోపు దొంగలు బందీని విడిపిస్తే దొంగలు గెలిచినట్టు, లేకుంటే సిపాయిలు గెలిచినట్టు. మరి బందీయే లేకపాయె, దొంగలు ఎట్ల గెలుస్తరు? మా వదిన సిపాయిల దిక్కు కూసుంది, పాచిక వేసుకుంట ఊకెనే గెలిచింది, పిల్లగాడు అలిగి లేచిపోయిండు.

మర్నాడు షాపుకు పోతే "సీల్ తీసినంక రిటర్న్ ఉండదన్నా" అన్నడు. సీల్ తియ్యకుంటే లోపల ఏం లేదో ఎట్ల తెలుస్తది తమ్మీ అంటే "మాకు పైనుంచి అట్లనే వస్తదన్నా, రెండోది కూడా తీస్కపో, యాభై తగ్గిస్త" అన్నడు. డబ్బా మీదున్న మెయిల్‌కు రాస్తే రెండో డబ్బా కొనే లింకు పంపిన్రు, అంతే.

ఇంకొకటి, నాకు దీనికే ఎక్కువ మండింది. డబ్బా వెనక "1573ల పనామాల నిజంగ జరిగిన కథ" అని రాసిన్రు. ఆ కథ కొంచెం చదివినోళ్లకు తెలుస్తది ఇది ఎంత ఉల్టానో. అప్పట్ల స్పెయినోళ్లు దక్షిణ అమెరికాల ఉన్న పెరూ వెండిని ఓడలల్ల పనామాకు తెచ్చి, అక్కడినుంచి కంచర గాడిదల మీద అడవి దాటించి, అవతలి సముద్రం ఒడ్డున ఉన్న నోంబ్రె దె దియోస్ అనే ఊరికి చేర్చి, మళ్ల ఓడలెక్కించి స్పెయిన్‌కు పంపేటోళ్లు. ఆ దారిల, ఊరికి దగ్గర్లనే, స్పెయినోళ్ల ఓడలను, ఊర్లను దోచే ఇంగ్లండ్ కెప్టెన్ ఫ్రాన్సిస్ డ్రేక్, ఫ్రాన్స్ కెప్టెన్ గియోమ్ లె తెస్తు కలిసి కాపుకాసిన్రు. వాళ్లతోని సిమరాన్లు ఉన్నరు, అంటే స్పెయినోళ్ల బానిసత్వంల నుంచి పారిపోయి అడవిల సొంతంగ బతికే ఆఫ్రికా మనుషులు. దారి తెలిసింది వాళ్లకే, గాడిదల మెడ గంటలు విని కాన్వాయ్ వస్తుందని పసిగట్టింది వాళ్లే. ఇంగ్లీషోళ్లు రాసుకున్న లెక్కల ప్రకారం మూడు గుంపులు, 50, 70, 70, మొత్తం 190 గాడిదలు, కాపలా 45 మంది సిపాయిలు, వెండి దగ్గర దగ్గర 30 టన్నులు. అంత వెండి మోసుడు ఎవరితోనైతది, సగం అక్కడనే పీతల బొక్కలల్ల, పడిపోయిన చెట్ల కింద, ఏటి ఇసుకల పాతిపెట్టి ఉరికిన్రు.

మరి దోస్తు సంగతి? ఆ కొట్లాటల లె తెస్తుకు కడుపుల గుండు తగిలింది, నడవలేక అడవిలనే ఆగిపోయిండు. ఆయన మామూలోడు కాదు, 1556లనే ప్రపంచ పటాల అట్లాస్ గీసినోడు. డ్రేక్ తర్వాత మనుషులను పంపిండు గానీ అప్పటికే స్పెయినోళ్లు దొరకబట్టి తల నరికేసిన్రు. అంటే నిజం కథల దోస్తు దక్కనే లేదు. పిల్లల ఆట కదా, కథ మార్చుకోండి, ఎవరొద్దన్నరు, కానీ "నిజంగ జరిగిన కథ" అని ఎందుకు రాసుడు? పైగా సిమరాన్ల కార్డు ఒక్కటంటే ఒక్కటి లేదు, వాళ్లు లేకుంటే ఆ దాడే లేదు కదా. దొంగల నాయకుని కార్డు మీద మాత్రం బ్లాక్‌బియర్డ్ అనే వేరే సముద్రపు దొంగను పెట్టిన్రు, ఆయన చచ్చింది 1718ల, 1573కు దాదాపు 150 ఏండ్ల తర్వాత. పుర్రె జెండా ముచ్చట కూడా ఆ తర్వాతి కాలందే. పిల్లగాడు రేపు బడిల ఇదే చెప్తే సారు ఏమంటడు?

క్వాలిటీ గురించి ఎక్కువ చెప్పను, పాచికల రంగు వేళ్లకు అంటుతుంది, బోర్డు మడత కాడ అప్పుడే చీలింది.

కొనాలె అనుకుంటే షాపుల నిలబడి డబ్బా తెరిపించుకొని బందీ కార్డు కండ్లతోని చూసినంకనే పైసలియ్యండి, తెరవనంటే అక్కడనే వదిలేయండి. ఆన్‌లైన్‌ల అయితే డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. ఐఎస్‌ఐ మార్కు కూడా చూడండి, 14 ఏండ్ల లోపు పిల్లల ఆట వస్తువులకు 2021 జనవరి నుంచి అది తప్పనిసరి, ఈ డబ్బా మీద 8 ఏండ్లు దాటినోళ్లకు అని ఉంది గానీ మార్కు నాకైతే కనపడలేదు.

ఇప్పటికే కొన్నోళ్లు బిల్లు పారెయ్యకండి, డబ్బా చింపకండి, ఆ ఆఖరి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేస్తే తెలుగులనే కంప్లైంట్ తీసుకుంటరు, నేను చేసిన, కంప్లైంట్ నంబరు ఇచ్చిన్రు. అక్కడ తేలకుంటే నల్గొండ వినియోగదారుల కమిషన్‌ల కేసు వేస్త, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలనే వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. ముఖ్యమైన సంగతి దాచి అమ్ముడు ఆ చట్టంల తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తది. ఇదే డబ్బా కొన్నోళ్లు ఇంకెవరన్నా ఉంటే చెప్పండి, కలిసి వేద్దాం. రెండో డబ్బా కొన్నోళ్లుంటే అందుల బందీ నిజంగ ఉన్నడో లేడో అది కూడా చెప్పండి, మూడో డబ్బాల ఉన్నడంటే మాత్రం నాకు ఆశ్చర్యం కాదు.