పిల్లి మెడకు జీపీఎస్ పట్టీ: మూడు నెలల వాడకం తర్వాత

పిల్లిని బయట తిరగనివ్వాలా వద్దా అన్న వాదన మా ఇంట్లో ఎంతకీ తెగకపోవడంతో, వదిలినా ఎక్కడుందో తెలుస్తుంది కదా అన్న ధీమాతో ఈ జీపీఎస్ మెడపట్టీ కొన్నాను.

పరికరం బరువు సుమారు 30 గ్రాములు. నాలుగు కిలోల పిల్లికి అది భారం కాదు గానీ, పిల్లి కూనలకు తగదు. అన్నిటికన్నా మెచ్చదగినది దాని కొక్కెం: పట్టీ ఏ కొమ్మకో కంచెకో చిక్కుకున్నప్పుడు పిల్లి గట్టిగా గుంజితే అది దానంతటదే ఊడిపోతుంది కాబట్టి మెడకు ఉరి పడదు. అలా రెండుసార్లు ఊడిపోయి పొదల్లో వెతుక్కోవలసి వచ్చింది. ఆ శ్రమను నేను లోపంగా లెక్కపెట్టడం లేదు.

నా అసంతృప్తి అంతా స్థానం చూపించే తీరు మీదే. ఆరుబయట బాగానే పనిచేస్తుంది కానీ, పిల్లి రెండు గోడల మధ్య సందులోకి దూరిందంటే ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి మళ్లడంవల్ల మ్యాపులో చుక్క పక్కింటి కప్పు మీదికి ఎక్కుతుంది. పైగా బ్యాటరీ ఆదా కోసం కొన్ని నిమిషాలకోసారి మాత్రమే స్థానం పంపుతుంది. రోడ్డు దాటడానికి పిల్లికి మూడు సెకన్లు చాలు. ఈ సంగతి సంస్థవారికి రాస్తే, యాప్ తీసేసి మళ్లీ పెట్టుకోమన్నారు.

పట్టీతో పాటు పక్షులను హెచ్చరించడానికంటూ ఒక మువ్వ కూడా ఇచ్చారు. 2021లో ఇంగ్లండ్‌లో వెలువడిన అధ్యయనంలో మువ్వల వల్ల చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గాయి. మువ్వను విప్పేసి ఈక కట్టిన కర్రతో ఆడిస్తున్నాము.

ఇంతకీ వాదన తెగ్గొట్టింది ఈ పట్టీయే. ఆరు దేశాల్లో 925 పిల్లులకు జీపీఎస్ కట్టి 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వాటి వేట ప్రభావం ఎక్కువగా ఇంటికి 100 మీటర్ల లోపే ఉంటుంది. మాదీ దూరం పోదు. కానీ ఆ కాస్త దూరంలోనే వాహనాల రోడ్డూ, పిట్టల గూళ్లున్న పొదలూ, దీనితో కలబడే గండుపిల్లి ఉండే పాడుబడ్డ షెడ్డూ ఉన్నాయి. తెల్లవారుజామున మా పిల్లి తిరిగిన దారిని మ్యాపులో చూపే గీతలు రోడ్డుకు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పడి ఉండడం చూశాక, పిల్లికి స్వేచ్ఛ కావాలని పట్టుబట్టిన నేనే వెనక్కి తగ్గాను. ఇప్పుడు బయటికి తీసుకువెళ్లేది ఒంటికి తొడిగే పట్టీ, తాడుతోనే.

పొరపాటున తలుపు సందులోంచి జారుకుంటే వెతకడానికి జీపీఎస్ పట్టీని అలాగే ఉంచాను. ఆ పనికైతే 5కు 4 ఇస్తాను. వదిలేసిన పిల్లికి కాపలాగా కొనేవారికి మాత్రం 2.