మద్దిచెక్క బాగుంది, బీపీ పొడి మాత్రం వద్దు: తిరుపతిలో ఒక చెట్టుమందుల అంగడి

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో చెట్టుమందులు అమ్మే పాత అంగళ్లు ఉన్నాయి కదా, అందులో ఒకదాని గురించి రాస్తున్నా. సగం మెచ్చుకోలు, సగం తిట్లు, అందుకే అంగడి పేరు రాయడం లేదు. బీపీకో గుండెకో మూలికలు వాడదామని బజారుకు బయలుదేరేవాళ్లు ముందు ఇది చదివి వెళ్లండి, కొన్ని డబ్బులైనా మిగులుతాయి.

మా నాయనకు బీపీ ఎప్పటి నుంచో ఉంది. టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ అని రెండు బీపీ మాత్రలు వేసుకుంటాడు. పుట్టి పెరిగింది పాకాల దగ్గర పల్లెలో, జ్వరమొస్తే నేలవేము కషాయం, దగ్గొస్తే తులసి రసం, ఇట్లా పెరిగిన మనిషి. "ఎన్నాళ్లురా ఈ మాత్రలు మింగేది, మద్దిచెక్క తాగితే గుండెకు బలమంట" అని రోజూ అదే పాట. మద్దిచెక్క అంటే అర్జున చెట్టు బెరడు. వద్దంటే వినే రకం కాదు, మనకు తెలియకుండా ఎవడి దగ్గరో ఏదో ఒకటి తెచ్చుకుని తాగుతాడు. దానికంటే మనమే దగ్గరుండి సరైనది కొనిచ్చేది మేలు అనుకున్నా.

అంగడికి పోయే ముందు నాయన్ను చూసే గుండె డాక్టరుని అడిగాం. "తాగితే తాగనివ్వండి, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు, ఇంట్లో బీపీ చూసి రాసిపెట్టండి, తల తిరిగితే వెంటనే చెప్పండి" అన్నారు. తర్వాత టీటీడీ వాళ్ల ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రిలో ఓపీ చూపించాం. అక్కడి డాక్టరమ్మ నాడి పట్టుకుని చూసింది, ఆ వెంటనే బీపీ మిషన్ కూడా కట్టింది, నాయన వేసుకునే మాత్రల చీటీ పైనుంచి కింది దాకా చదివింది. రక్తం పలచబడే మాత్రలు ఏమైనా ఉన్నాయా, కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు, మలబద్ధకం ఉందా అని అడిగింది. మద్దిచెక్క పొడి పాలలో కాచి పొద్దున పూట తాగమని రాసి, "సర్పగంధి వేరు జోలికి మాత్రం పోవద్దు" అని గట్టిగా చెప్పింది. 1983 నుంచి ఆయుర్వేద కాలేజీ ఉన్న ఊరు మనది, చంద్రగిరి దగ్గర నరసింగాపురంలో టీటీడీకి సొంత ఆయుర్వేద ఫార్మసీ కూడా ఉంది, ఇవన్నీ పక్కన పెట్టుకుని వాట్సాప్‌లో వచ్చిన చిట్కాలు పట్టుకుని తిరిగే జనాన్ని చూస్తే నాకు అర్థం కాదు.

ఇక అంగడి. లోపలికి అడుగుపెడితే వస, కచ్చోరాలు, సాంబ్రాణి అన్నీ కలిసిన వాసన ముక్కుకు కొడుతుంది. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, ఒక్కో సొరుగు మీద పెయింటుతో రాసిన పేరు, సగం పేర్లు చెరిగిపోయాయి గానీ అంగడి పెద్దాయనకు ఏ సొరుగులో ఏముందో చూడకుండానే తెలుసు. ఆయన ఉంటే ఒక అంగడి, కౌంటర్లో కుర్రోడు ఉంటే ఇంకో అంగడి. ఈ రివ్యూ మొత్తం ఆ తేడా గురించే.

మద్దిచెక్క అడిగితే పెద్దాయన నేరుగా తూకం వేయలేదు. "ఎవరికి సామీ? ఏం మాత్రలు వేసుకుంటాడు?" అని అడిగాడు. చీటీ చూపించా. అప్పుడు రెండు రకాల బెరడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తెల్లమద్ది, మనకు కావలసిన అర్జున అదే. పైన నున్నగా బూడిద రంగులో ఉంది, అక్కడక్కడా లేత గులాబి ఛాయ, లోపలి వైపు ఎర్రగా, విరిస్తే నారలు నారలుగా విరిగింది. రెండోది నల్లమద్ది, పైన పలకలు పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంది. పొడి కొట్టేస్తే రెండూ గోధుమ రంగే, అందుకే పొడి కొనొద్దు, బెరడు కొని కళ్ల ముందు కొట్టించుకోండి అని ఆయనే చెప్పాడు. వ్యాపారం చేసుకునే మనిషి నోట ఈ మాట రావడం నాకు నచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలా, పచ్చి వక్క కంటే వగరు, నాలుక గట్టిపడిపోయింది. 100 గ్రాములు 50 రూపాయలు. వెనక చిన్న మిషన్ ఉంది, దాంట్లో కొట్టి, పలచటి గుడ్డలో జల్లించి, పాత న్యూస్ పేపర్లో పొట్లం కట్టి ఇచ్చాడు. మన ఇంటి మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది, ఆ పని అక్కడే చేయించుకోండి.

సర్పగంధి ఉందా అని కావాలనే అడిగా, ఏమంటాడో చూద్దామని. "ఉంది, కానీ డాక్టర్ చీటీ లేకుండా ఇయ్యను" అన్నాడు. శభాష్ అనిపించింది. ఎందుకంటే బీపీ నిజంగా దించే మూలిక ఏదన్నా ఉందంటే అదే, అందుకే దానితోనే భయం. బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ అనే గుండె డాక్టరు దీన్ని తన రోగుల మీద వాడి చూసి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు, 1952లో సీబా అనే మందుల కంపెనీ వాళ్లు దాని వేరు నుంచి రెసర్పిన్ అనే మందు తీశారు, కొన్నేళ్లు చాలా దేశాల్లో బీపీకి ఆ మందు బాగా వాడారు. తర్వాత మనుషులు దిగులులో పడిపోవడం, నాడి నెమ్మదించడం, ముక్కు దిబ్బడ లాంటివి కనిపించి వాడకం తగ్గింది. ఇప్పటికే రెండు బీపీ మాత్రలు వేసుకునే మనిషి దాన్ని సొంతంగా కలిపి తాగితే ఏమవుతుందో ఎవరికి వాళ్లు ఆలోచించుకోవచ్చు. "చెట్టుమందే కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు" అనే మాట ఎవరన్నా అంటే నేను సర్పగంధి పేరు చెప్తా.

ఇప్పుడు తిట్లు. రెండోసారి పోయినప్పుడు పెద్దాయన లేడు, కుర్రోడు ఉన్నాడు. బీపీకి మద్దిచెక్క అన్నానో లేదో, "అది పాత పద్ధతి అన్నా, ఇది తీసుకోండి" అని ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టాడు. 450 రూపాయలు. అంగడి వాళ్లే సొంతంగా చేసే బీపీ పొడి. పైన రంగురంగుల గుండె బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో "రక్తపోటుకు శాశ్వత పరిష్కారం", ఇంకా కింద "ఇంగ్లీషు మాత్రలు మానేయవచ్చు". తిప్పి చూశా. లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, తయారైన తేదీ లేదు. "అర్జున, అశ్వగంధ, బ్రాహ్మి, శతావరి, అతిమధురం మొదలైన 20 మూలికలు" అంతే, ఏది ఎంతుందో లేదు, మిగతా పదిహేను ఏమిటో అసలే లేదు.

ఆ పేర్లలో అతిమధురం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గొంతుకు, దగ్గుకు మంచిదే, నేను కూడా పాట పాడే మా చెల్లికి కొన్నా. కానీ దాన్ని రోజూ ఎక్కువగా తింటే ఒంట్లో ఉప్పు, నీరు నిలబడిపోతాయి, పొటాషియం తగ్గిపోతుంది, బీపీ పెరుగుతుంది. బీపీ డబ్బాలో బీపీ పెంచే వేరు! "ఇందులో అతిమధురం ఎందుకు వేశారు?" అని అడిగితే "రుచి కోసం అన్నా" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం.

పైగా ఆ "శాశ్వత పరిష్కారం" రాయడమే చట్టానికి విరుద్ధం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో 54 జబ్బుల జాబితా ఉంది, వాటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదు, ఆ జాబితాలో గుండె జబ్బులూ ఉన్నాయి, బీపీ కూడా ఉంది. ఇదే మాట చెప్తే కుర్రోడు ఫోన్ చూసుకుంటూ "అందరూ తీసుకుంటున్నారు అన్నా, కంప్లైంట్ ఏం లేదు" అన్నాడు. మాత్ర మానేసి పక్షవాతం వచ్చినవాడు మళ్లీ అంగడి మెట్లెక్కి కంప్లైంట్ ఇస్తాడా?

మద్దిచెక్క కాచే పద్ధతి కూడా చెప్తా. శాస్త్రంలో క్షీరపాకం, అంటే మందును పాలలో కాచేదానికి, కొలత ఒక వంతు మందు, ఎనిమిది వంతుల పాలు, ముప్పై రెండు వంతుల నీళ్లు, నీళ్లన్నీ ఇగిరిపోయి పాలు మిగలాలి. అంత నీళ్లు ఇగరాలంటే గ్యాస్ సిలిండర్‌కే బీపీ వస్తుంది. డాక్టరమ్మ మాకు సులువుగా చెప్పింది, ఒక చెంచా పొడి, ఒక కప్పు పాలు, ఒక కప్పు నీళ్లు, సన్నని మంట మీద కప్పు మిగిలే దాకా. అడుగు మందంగా ఉన్న గిన్నె పెట్టండి, లేకపోతే అడుగంటి వాసనొస్తుంది. పాలు లేత ఇటుక రంగుకు తిరుగుతాయి, గుడ్డలో వడగట్టాలి, టీ జల్లెడ సరిపోదు, నలుసులు గొంతుకు అడ్డం పడతాయి. చక్కెర వేయకుండా తాగడం మా నాయనకు మొదట్లో కష్టమే అయింది. కొన్నాళ్లకు మలబద్ధకం మొదలైంది, ఆ వగరుకు అది మామూలేనట, మోతాదు తగ్గించి రాత్రి పూట నానబెట్టిన ఎండుద్రాక్ష ఇచ్చాం, సర్దుకుంది.

ఫలితం ఏంటి అంటే, నిజం చెప్తా. మందు మొదలుపెట్టిన రోజుల్లోనే ఇంట్లో ఉప్పు కూడా తగ్గించాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే అంటుంది, అంటే చిన్న చెంచాడు, మా ఇంట్లో ఒక్క మామిడికాయ ఊరగాయ, రెండు అప్పడాలు దాటితే ఆ లెక్క మధ్యాహ్నానికే అయిపోయేది. పొద్దున నడక కూడా పెట్టాం. బీపీ రాసిపెట్టే పుస్తకంలో అంకెలు కాస్త దిగాయి, కానీ చెక్క వల్ల దిగాయా, ఊరగాయ మానినందుకు దిగాయా అంటే నేను చెప్పలేను, ఆ మూడూ ఒకేసారి చేసినవాడు ఎవడూ చెప్పలేడు. మాత్రలు అట్లాగే ఉన్నాయి, డాక్టరు ఒక్కటి కూడా తగ్గించలేదు. నాయన మాత్రం "ఆయాసం తగ్గిందిరా" అంటాడు. ఆయన తృప్తి ఆయనది, 50 రూపాయలకు నేను కాదనను.

అదే అంగడిలో అర్జునారిష్టం సీసాలు కూడా ఉన్నాయి, అవి బయటి కంపెనీలవి, లైసెన్సు, బ్యాచ్ అన్నీ ఉన్నాయి, ఆ వంక లేదు. మద్దిచెక్కతో పాటు ద్రాక్ష, ఇప్పపువ్వు, బెల్లం వేసి పులియబెడతారు, కాబట్టి కొంచెం ఆల్కహాల్ దానంతట అదే పుడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం సంగతి గుర్తుపెట్టుకోవాలి, మా అమ్మకు షుగర్ కాబట్టి ఆ సీసా ఇంట్లోకే రానివ్వలేదు, పొరపాటున ఎవరు ఏది తాగుతారో చెప్పలేం. వెల్లుల్లి గుళికలు కూడా అమ్ముతున్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా వాటిని తీసుకోవద్దు, రక్తం ఇంకా పలచబడుతుంది, కూరలో రెండు రెబ్బలు వేసుకునేది వేరే సంగతి.

అలిపిరి వైపు రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి వేర్లు, బెరళ్లు అమ్మేవాళ్లు కూడా కనిపిస్తారు, శేషాచలం అడవిలో నుంచి తెచ్చామంటారు. ఏది ఏ చెట్టుదో నాకు తెలియదు, వాళ్లకు తెలుసా అన్నది ఇంకో అనుమానం. గుండెకు సంబంధించిన మందు అక్కడ కొనే ధైర్యం నాకు లేదు. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, చెమటలు పట్టడం లాంటివి ఉంటే మాత్రం ఏ కషాయమూ కాచుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేసి స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో పోండి.

అంగడికి పొద్దున పూట వెళ్లండి, పెద్దాయన ఆ టైంలోనే ఉంటాడు, సాయంకాలం కుర్రోడే. బండి పెట్టుకోవడానికి చోటుండదు, కాస్త దూరంలో ఆపి నడవాలి. ఫోన్‌పే ఉంది, బిల్లు అడిగితేనే ఇస్తారు, అడగండి. బెరడు పట్టుకుని చూసి, కళ్ల ముందు కొట్టించుకుని తెచ్చుకోండి, ఒకేసారి అరకిలో కొనొద్దు, వానాకాలంలో పొడి ముద్ద కట్టి బూజు పడుతుంది. ఆ డబ్బా చేతిలో పెడితే మాత్రం తిరిగి బల్ల మీద పెట్టేయండి.