గోడలు మెరిశాయి, తాడే భయపెట్టింది: హనుమకొండలో టైల్స్ క్లీనింగ్ సర్వీస్

నక్కలగుట్టలో మా అపార్ట్‌మెంట్ ముందు గోడ టైల్స్ మీద సిమెంటు మరకలు పేరుకుపోతే, తాళ్ల మీద వేలాడి శుభ్రం చేసే టీమ్‌ను పిలిచాం. పేరు రాయట్లేదు, ఓనర్ మంచివాడే. పని బాగుంది. టైముకొచ్చారు, కింద బండ్లన్నిటికీ పట్టాలు కప్పారు, కిటికీల మీద చుక్క పడనివ్వలేదు.

నా గొడవంతా తాడుతోనే. నేను ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తా, సెలవుల్లో రేగొండ దగ్గర పాండవుల గుట్టలకు పోయి రాళ్లెక్కుతా. అందుకే నా చూపు ముందు తాడు మీదికే పోయింది. నైలాన్. పక్కనే బకెట్లో టైల్స్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పిల్లగాడు బ్రష్‌తో రుద్దినప్పుడల్లా తుంపర్లన్నీ తాడు మీదే.

"కొత్త తాడే సార్, చూడుండ్రి, ఒక్క పోగు తెగలే" అన్నాడు ఓనర్. చిక్కు అక్కడే ఉంది. నైలాన్ అంటే అణువుల పొడవాటి గొలుసులు, ఆ గొలుసులను పట్టి ఉంచేవి అమైడ్ బంధాలు. ఇలాంటి ఆమ్లాలు వాటిని తెంపుతాయి. రంగు మారకపోవచ్చు, పోగు లేవకపోవచ్చు, బలం మాత్రం పోతుంది. కడిగితే మిగిలిన యాసిడ్ పోతుంది గానీ తెగినవి అతుక్కోవు. పైగా ట్రాలీ ఆటోలో ఆ తాడును ఇన్వర్టర్ బ్యాటరీ పక్కనే పడేస్తున్నారు. బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం, అదీ నైలాన్‌కు శత్రువే. జనం మాత్రం తాడు మీద డీజిల్ ఒలికితే కంగారుపడతారు, దాంతో నైలాన్‌కు పెద్దగా నష్టం లేదు.

పిల్లగాడికి సేఫ్టీ బెల్టు ఉంది కదా అనొచ్చు. దాన్నీ అతను కూర్చున్న ఊయల తాడుకే కట్టారు! ఆ తాడు తెగితే బెల్టు ఏం కాపాడుతుంది? నేను పట్టుబట్టాక చౌరస్తా నుంచి కొత్త తాడు తెప్పించి, టెర్రస్ మీద వేరే పిల్లర్‌కు కట్టి, బెల్టు దానికి తగిలించారు. ఆ ఖర్చు మేమే ఇచ్చాం. పాలిస్టర్ తాడైతే ఆమ్లాలను నైలాన్ కంటే బాగా తట్టుకుంటుంది, కానీ గాఢ క్షారాలు దాన్ని దెబ్బతీస్తాయి.

శుభ్రతకు ఐదుకు నాలుగున్నర, భద్రతకు ఒకటి. పిలిచేవాళ్లు రేటు మాట్లాడేటప్పుడే విడి సేఫ్టీ తాడు అడగండి. యాసిడ్‌లో తడిసిన తాడును ముక్కలు కోసి పారేయమన్నా. "బోరు మోటర్ దింపనీకి పనికొస్తది సార్" అని చుట్టి ఆటోలో వేసుకున్నాడు, మళ్లీ ఆ బ్యాటరీ పక్కనే.