బొలెరో మీద రెండు యాంటెన్నాలు: ఐదేళ్లు వాడాక

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న విరుచుకుపడినప్పుడు మా పర్లాకిమిడి నుంచి పక్క ఊరికి కూడా ఫోన్ కలవలేదు. ఆ దెబ్బతోనే చదివి హామ్ లైసెన్సు (సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లకిచ్చే అనుమతి) తెచ్చుకున్నాను, బొలెరోలో రేడియో పెట్టించాను. 144 నుంచి 146 మెగాహెర్ట్‌జ్ దాకా స్కాన్‌లో, అంటే ఛానెళ్లు వాటంతటవే వరసగా తిరిగేలా పెట్టి వినడమే ఎక్కువ, మాట్లాడేది తక్కువ. రేడియో అదే ఉంది, యాంటెన్నా మాత్రం మార్చక తప్పలేదు.

మొదటిది అయస్కాంతం మీద నిలబడే ఫైవ్-బై-ఎయిట్, అంటే రేడియో తరంగం పొడవులో ఎనిమిదింట ఐదు వంతులుండే కడ్డీ, నాలుగడుగుల పైమాటే. పాతపట్నం, టెక్కలి వైపు చదును నేలలో దూరపు స్టేషన్లు కూడా చక్కగా పలికేవి. ఆర్.ఉదయగిరి ఘాటీ ఎక్కితే మాత్రం అదే గొంతు మలుపు మలుపుకీ తెగిపోయేది. ఆ రకం యాంటెన్నా బలమంతా నేలబారునే ఉంటుంది, కొండల్లోనేమో సిగ్నల్ పైనుంచి దిగాలి. ఓసారి చింతకొమ్మ తగిలి మొత్తం ఊడి, కేబుల్‌కు వేలాడుతూ తలుపును గీకేసింది. వానాకాలం అయ్యాక అయస్కాంతం ఎత్తి చూస్తే కింద రూఫు మీద గుండ్రంగా తుప్పు మరక. అడుగున చేరిన ఇసుక రంగును అరగదీసేసింది.

అప్పుడు రూఫు నడిమధ్య కన్నం పెట్టించి క్వార్టర్ వేవ్, అంటే తరంగంలో పావు వంతు పొడవుండే యాంటెన్నా బిగించాను. స్టీలు కడ్డీ 49 సెంటీమీటర్లే. "కొత్త బండికి కన్నమేటి?" అని మామయ్య గోల పెట్టారు. లోపలి లైటు ఊడదీస్తే అక్కడి నుంచే కేబుల్ లాగొచ్చు, సీలింగు విప్పక్కర్లేదు. కన్నం అంచున లోపలివైపు రంగు గీకి మెరిసే ఇనుము తేల్చాలి. ఈ యాంటెన్నాకు రూఫే రెండో సగం. ఆ పట్టు లేకపోతే ఎంత ఖరీదైనదైనా దండగే. ఘాటీలో ఇప్పుడు గొంతులు తెగడం బాగా తగ్గింది, కొమ్మలు తగిలినా కడ్డీ వంగి లేస్తుంది. చదునులో పాతదాని కంటే కాస్త తక్కువే, ఆ మాట దాచను. 430ల మెగాహెర్ట్‌జ్ బ్యాండులో కూడా ఇదే కడ్డీ పనిచేస్తుంది.

యాంటెన్నా నుంచి రేడియోకు వచ్చే కేబుల్ ఆర్‌జీ-58 రకం, నాలుగు మీటర్లు. మిగిలింది చుట్టి సీటు కింద తొయ్యకుండా కోయించాను.

నన్ను నెలల తరబడి ఏడిపించింది యాంటెన్నా కాదు, ఫోన్ ఛార్జరు. చిన్న సిగ్నళ్లన్నీ బుసలో మునిగిపోయేవి, స్కాన్ ఖాళీ ఛానెల్ దగ్గరే ఆగిపోయేది. కేబుల్ మార్చాను, కనెక్టర్ మళ్లీ సోల్డరు చేయించాను. ఓ రాత్రి గుణుపురం దారిలో బండి ఆపి, ఛార్జరు లాగగానే బుస ఠక్కున ఆగింది. మీరు ముందు ఆ పని చేసి చూడండి, తర్వాతే డబ్బు ఖర్చుపెట్టండి. రేడియోకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, ఫ్యూజు వేసి తెచ్చుకోండి.

ఏటా వానలకు ముందు కడ్డీ విప్పి అడుగున రబ్బరు వాషరు చూస్తాను. ఈసారి అంచు పగిలింది, మార్చాను. లోపల చుక్క నీరు లేదు.